వద్దన్న ప్రయాణం

ఆగస్టు 10, ఆదివారం

పొద్దున మబ్బు. పదింటికి ఎండ కాసింది. టౌన్‌షిప్ వాళ్ళిచ్చిన మడిలో సొరపాదు పందిరి వదులైతే మళ్ళీ కట్టాను. గోంగూర రెండో కోత కోశాను. దొండపాదుకి పేను పట్టింది. సబ్బునీళ్ళు చల్లాను. ఇక్కడి మట్టి మెత్తన, కానీ బలం తక్కువ.

సాయంత్రం గౌరి క్లబ్‌హౌస్‌లో పిల్లలకి తెలుగు పాఠం చెప్పి వచ్చింది. ఊళ్ళో బడి నుంచి రిటైరైనా బడి ఆవిణ్ణి వదల్లేదు. కొడుకు దగ్గరికి ఈ ప్లెయిన్స్‌బరో వచ్చిన రెండో వారంలోనే పిల్లల్ని పోగేసింది.

అన్నాల దగ్గర కోడలు ఇషా చెప్పింది. వచ్చే నెలలో వేల్స్ వెళుతోందట. ఇంగ్లండు పక్కన సముద్రం ఒడ్డున చిన్న దేశం. వాళ్ళకి వేరే భాష ఉంది. అది పోతుంటే బళ్ళు పెట్టి నిలబెట్టుకుంటున్నారట. ఇషా యూనివర్సిటీలో చేసే పని పిల్లలకి భాష ఎలా అబ్బుతుందన్నదే. అక్కడి బళ్ళు చూడాలి.

"అత్తయ్య వస్తే బావుంటుంది. టీచర్ కదా. నేను చూడనివి అత్తయ్య చూస్తుంది" అంది ఇషా. పుట్టింది, పెరిగింది కాలిఫోర్నియాలో. ఆ పిల్ల తెలుగులో 'గారు' ఉండదు. మనసులో ఏమీ ఉండదు.

"వీసా ఎలాగూ అప్లై చేస్తున్నాం, ఇద్దరికీ చేసేద్దాం నాన్నా" అన్నాడు తేజేశ్వర్.

మీ ఇష్టం అన్నాను.

ఆగస్టు 19, మంగళవారం

ఎండ. వీసా ఆఫీసులో వేలిముద్రలు తీశారు. గౌరివి ఒక్కసారికే వచ్చాయి. నావి రాలేదు. నాట్లు, కోతలు, ఉప్పునీళ్ళు, ఇంకేం మిగులుతాయి. అక్కడి అమ్మాయి ఏదో క్రీమ్ రాసి మళ్ళీ నొక్కించింది. చివరికి వచ్చాయి.

ఫోనులో వేల్స్ వీడియోలు వస్తున్నాయి. నేను వెతకలేదు, దానంతటదే చూపిస్తోంది. ఒక కుక్క, కొండ నిండా గొర్రెలు. దూరంగా ఈల వేస్తే కుక్క ఎడమకి తిరుగుతుంది, ఇంకో రకంగా వేస్తే కుడికి. దాని పనితనం చూడవచ్చు.

ఆగస్టు 30, శనివారం

వాన పడేలా ఉండి పడలేదు. సొరకాయలు కోసి వెనక బ్లాకు ధర్మారావుకి ఒకటిచ్చాను.

వీసాలు వచ్చాయి. ఇద్దరికీ.

ఇషా సోఫాలో కూర్చుని ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుంది. "మామయ్యా, టికెట్స్ బుక్ చేస్తున్నా. మీరు కూడా వస్తారా?"

"నాకెందుకమ్మా. మీరు వెళ్ళి రండి."

"ఓకే మామయ్యా" అంది. టకటకా నొక్కింది. అయిపోయింది.

గౌరి అక్కడే బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

ఆగస్టు 31, ఆదివారం

వాన. పని లేదు.

సెప్టెంబరు 2, మంగళవారం

ఎండ. మడిలో కలుపు.

ఇషా వంటింట్లో స్పీకర్ పెట్టి వాళ్ళ నాన్నతో మాట్లాడుతోంది. ఉమాకాంత్ గారు. కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో ఉంటాడు. ముప్ఫై ఏళ్ళ పైగా ఈ దేశంలోనే. భార్య పోయి నాలుగేళ్ళు. ఉద్యోగం మానేసి ఇప్పుడు ఊరికే తిరుగుతాడు.

"నాన్నా, అత్తయ్య నేను వేల్స్ వెళుతున్నాం. మీరు—"

"వస్తా! ఎప్పుడు?"

పిల్ల మాట పూర్తి కానే లేదు. ఎందుకు, ఎన్ని రోజులు, ఎవరికి ఇబ్బంది, ఏమీ లేదు. వస్తా. అంతే. పెద్దమనిషన్నాక కాస్త ఆగాలి.

నాకేం లేదు. ఎవరు వెళితే నాకేమిటి. చూసింది రాసుకున్నాను.

సెప్టెంబరు 4, గురువారం

పొద్దున చలి తెలుస్తోంది. ధర్మారావుతో చెరువు చుట్టూ నడిచాను. ఆయనది వరంగల్. కొడుకు దగ్గర ఉంటున్నాడు, మా వెనక బ్లాకులోనే. ఏదీ కడుపులో దాచుకోడు.

"ఏంది రంగన్నా, మా వదినె ఫారిన్ పోతున్నదట కదా?"

"ఇది ఫారినే కదా."

"అరె, ఫారిన్ల నుంచి ఇంకో ఫారిన్. నువ్వెందుకు పోతలేవు?"

"మడి ఎవరు చూస్తారు?"

"మడికేమైతది? నేను నీళ్ళు పోస్త తియ్. గా వియ్యంకుడు పోతున్నడట కదా మరి?"

ఇతనికి ఎవరు చెప్పారో. తేజ చెప్పి ఉంటాడు.

"నిన్ను అడగలేదా ఏంది?"

"అడిగారు. వద్దన్నాను."

ధర్మారావు నిలబడిపోయి నా మొహం చూశాడు. "గట్లనా" అన్నాడు. తర్వాత నవ్వు ఆపుకోడానికి దగ్గాడు.

సెప్టెంబరు 12, శుక్రవారం

ఎండ. ఉమాకాంత్ గారు పొద్దున దిగాడు. ఎర్ర స్వెట్టరు. చేతిలో చిన్న పెట్టె ఒక్కటే. "బావగారూ!" అని కౌగిలించుకున్నాడు.

ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు కారులో ముందు సీటు తలుపు తీసుకుని కూర్చున్నాడు. తేజ పక్కన నేను కూర్చుంటాను. వచ్చిన దగ్గర్నుంచీ అంతే. ఎవరూ పెట్టిన నియమం కాదు. నేను వెనక కూర్చున్నాను.

మధ్యాహ్నం గోంగూర పచ్చడి. నేను పండించిన గోంగూర. మూడుసార్లు వేయించుకున్నాడు. గౌరి గరిటె ఎత్తకముందే కంచం ముందుకు పెట్టాడు. "చెల్లెమ్మా, ఇంకా ఉందా?" అని గిన్నెలోకి తొంగి చూశాడు. గౌరి నవ్వింది. "ఇలా తినేవాళ్ళుంటే వండబుద్ధి అవుతుంది అన్నయ్యగారూ" అంది.

నన్నూ అడిగింది, వద్దన్నాను. గౌరి గిన్నె మూత పెట్టేసింది.

సెప్టెంబరు 13, శనివారం

ఇద్దరూ కూర్చుని వేల్స్ మాటలు నేర్చుకుంటున్నారు. ఉమాకాంత్ గారి ఫోను చెబుతుంది, వీళ్ళు అంటారు. తప్పు అంటే ఆయన గట్టిగా నవ్వుతాడు. గౌరి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఇల్లు చిన్నది, ఎక్కడ కూర్చున్నా వినపడుతుంది.

మడికి వెళ్ళాను. అక్కడ చేయడానికి పని లేదు.

సెప్టెంబరు 15, సోమవారం

పొగమంచు. ఎండ ఆలస్యంగా వచ్చింది. గౌరి మడికి వచ్చింది, తీసుకెళ్ళడానికి పచ్చడి చేయాలని. ఇద్దరం గోంగూర కోశాం. చాలాసేపటికి నేనే అడిగాను.

"ఆ రోజు ఇషా అడిగితే నువ్వు మాట్లాడలేదేం?"

"ఏం మాట్లాడాలి?"

"ఆయన అలాగే అంటారు, బుక్ చెయ్యి అనాలి."

"మీరు వద్దన్నారుగా."

"ఆ పిల్లకి తెలియదు. నీకు తెలుసు కదా."

గౌరి కట్ట కట్టి పక్కన పెట్టింది. ఇంకో కట్ట మొదలుపెట్టింది.

"తెలుసు. కాఫీ ఇవ్వనా అంటే వద్దంటారు, మళ్ళీ అడగాలి. మా తమ్ముడి పెళ్ళికి రానన్నారు, మా నాన్న ఎండలో పడి వచ్చి బతిమాలాడు. ఇక్కడికి రావడానికి తేజ ఎన్నిసార్లు ఫోన్ చేశాడు? పెళ్ళైన కాణ్ణుంచీ రెండోసారి అడగడమే నా పనైపోయింది. ఈసారి అడగను."

"ఎవరు అడగమన్నారు?"

"రావాలనుంటే ఆ పిల్లతో నోరు తెరిచి చెప్పండి. ఇంకా రెండ్రోజులుంది."

"నాకేం అక్కర్లేదు. చూడ్డానికేముంది అక్కడ, వాన తప్ప."

"సరే" అంది. గోంగూర తీసుకుని వెళ్ళిపోయింది. నీళ్ళ గొట్టం కట్టేయడం మర్చిపోయాను. సొరపాదు మొదట్లో గుంట పడింది.

సెప్టెంబరు 16, మంగళవారం

చెప్పలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

ఎండ. నాలుగింటికి న్యూఆర్క్ ఎయిర్‌పోర్టుకి బయలుదేరాం. ముందు సీట్లో ఆయన. వెనక గౌరి, ఇషా, నేను.

లోపలికి వెళ్ళేముందు ఉమాకాంత్ గారు నా చెయ్యి పట్టుకున్నాడు. "చెల్లెమ్మని నేను చూసుకుంటాను బావగారూ. మీరు నిశ్చింతగా ఉండండి."

నేను చింతపడుతున్నానని ఆయనకి ఎవరు చెప్పారు.

గౌరి బూట్లు వేసుకుంది. కొత్తవి, తెల్లవి. చీర మీద బూట్లు. వెనక్కి తిరిగి చూసింది, తేజ వైపో నా వైపో.

సెప్టెంబరు 18, గురువారం

దిగారట. అన్నం ఎక్కువైంది, పారబోశాను.

సెప్టెంబరు 21, ఆదివారం

మబ్బు. గౌరి ఫోన్ చేసింది. నాకు పొద్దున, వాళ్ళకి మధ్యాహ్నం.

"బోరే దా" అంది.

"ఏమిటది?"

"శుభోదయం అండీ. మీకింకా పొద్దునే కదా. తిన్నారా?"

"తిన్నాను."

"ఏం తిన్నారు?"

"ఏదో ఒకటి."

ఊరి పేరు చెప్పింది. అబెరిస్ట్విత్. చాలాసార్లు అనుకుని ఉంటుంది, తడబడలేదు. రోడ్డు మీద బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయట, వాళ్ళ భాషే ముందు. మలుపు దగ్గర రోడ్డు మీదే తెల్ల రంగుతో 'అరవ్' అని రాస్తారట, నెమ్మది అని. బళ్ళో పిల్లలు ఇళ్ళల్లో మాట్లాడేది ఇంగ్లీషే, గుమ్మం దాటితే మాత్రం ఒక్క ఇంగ్లీషు ముక్క ఉండదట.

"ఒక చంటిది నాకు రంగులు నేర్పిందండీ. ఎరుపంటే కోఖ్."

వెనక నుంచి ఆయన గొంతు. "అలా కాదు చెల్లెమ్మా, గొంతులోంచి రావాలి. కోఖ్!"

"కోఖ్" అంది గౌరి. ఇద్దరూ నవ్వారు. ఇషా కూడా నవ్వింది.

"నువ్వు నేర్పడానికి వెళ్ళావా, నేర్చుకోడానికా?" అన్నాను.

"రెండూ" అంది.

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను. సిగ్నల్ బానే ఉంది.

సెప్టెంబరు 23, మంగళవారం

ఫోటోలు వచ్చాయి. ప్రతి దాంట్లో ఎర్ర స్వెట్టరు. కోట దగ్గర, సముద్రం దగ్గర, రైలు దగ్గర. ఒకదాంట్లో గౌరి ఒక్కతే ఉంది. పెద్దది చేసి చూస్తే తీసినవాడి నీడ గడ్డి మీద పడి ఉంది.

సముద్రం ముదురు రంగు. ఒడ్డున ఇసుక కాదు, గులకరాళ్ళు. మా దివిసీమ వైపు సముద్రం బురదగా ఉంటుంది. అయినా అది మాది.

సెప్టెంబరు 25, గురువారం

వాన తుంపర. తేజ ఆఫీసు నుంచి వచ్చాక వీడియో ఒకటి చూపించాడు.

సముద్రం పక్కన పొడుగాటి కాలిబాట. అది ఎక్కడ అయిపోతుందో అక్కడ ఇనపకమ్మీ ఉంది. ఆ ఊళ్ళో వాళ్ళు నడకకి వెళితే చివరిదాకా వెళ్ళి ఆ కమ్మీని కాలితో తన్ని వెనక్కి తిరుగుతారట. ఎందుకో ఎవరికీ తెలియదట. అందరూ తంతారు. ఉమాకాంత్ గారు తన్నాడు. తర్వాత గౌరి కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని, తెల్ల బూటుతో ఒక్కటి తన్నింది. "ఇంకా గట్టిగా చెల్లెమ్మా!" అన్నాడాయన. మళ్ళీ తన్నింది. గాలికి జుట్టంతా రేగి ఉంది.

పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనిషి. చీపురు దాటనివ్వదు. నేను ఎప్పుడైనా కాలితో తలుపు తోస్తే ఒక పూటంతా మాట్లాడదు.

"అమ్మ ఎంత హ్యాపీగా ఉందో చూడు నాన్నా" అన్నాడు తేజ.

చూశాను.

సెప్టెంబరు 26, శుక్రవారం

ఆ వీడియో మళ్ళీ చూశాను. కమ్మీ మంచి ఇనుమే, తుప్పు పట్టలేదు.

సెప్టెంబరు 27, శనివారం

చలిగాలి. దొండపాదు పీకేశాను, ఇంక కాయదు. గౌరి ఫోన్ చేసింది, తీయలేదు. మడిలో ఉన్నానని తేజతో చెప్పాను. బల్ల దగ్గరే ఉన్నాను. ఫోను ఎదురుగానే ఉంది. మోగినంతసేపూ చూస్తూ కూర్చున్నాను.

మళ్ళీ చేస్తుందనుకున్నాను. చేయలేదు. రెండోసారి చేయడం మానేసింది కదా.

సెప్టెంబరు 29, సోమవారం

ఇషా ఫోన్ చేసింది. పని పూర్తి కాలేదట. వాళ్ళు వచ్చేది ఈ గురువారం కాదు, అక్టోబరు పదిహేను.

"మామయ్యా, అత్తయ్య కూడా ఉండొచ్చా? మీకు ఓకేనా?"

"నాదేముందమ్మా. ఉండమను."

"థాంక్యూ మామయ్యా! యూ ఆర్ ద బెస్ట్."

ఉమాకాంత్ గారు కూడా ఉంటాడట. ఆయనకి ఏం పని?

ధర్మారావు సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. సగం సొరకాయ తెచ్చాడు, మొన్న నేనిచ్చిందే.

"మల్ల పొడిగించిర్రా? మంచిగున్నది. నువ్విక్కడ పచ్చడి మెతుకులు, వాళ్ళక్కడ సముద్రపు గాలి."

"నాకు బాగానే ఉంది."

"కనవడుతనే ఉన్నది. గడ్డం చేసుకోక ఎన్ని దినాలైంది? నా మాట ఇను రంగన్నా. ఇక్కడి పిల్లగాళ్ళకి అవునంటే అవును, వద్దంటే వద్దు. మనమే మధ్యల ఇంకోటి పెట్టుకున్నం. నేను గూడ మొదట్ల గట్లనే ఉంటి. నా కోడలు చాయ్ తాగుతారా మామా అన్నది. వద్దు బిడ్డా అన్న. ఆర్నెల్లు చాయ్ లేదు నాకు!"

నవ్వు వచ్చింది. నవ్వలేదు.

అక్టోబరు 2, గురువారం

ఎండ, చలి. ఉమాకాంత్ గారు ఫోన్ చేశాడు. నాకే చేశాడు, తేజకి కాదు.

"బావగారూ, మీతో ఒక గొడవ ఉంది."

"ఏమిటండీ?"

"మీ ఆవిడతో వేగలేకపోతున్నాను. గొర్రెలు కనపడితే మీ బర్రెలు. వాన పడితే మీ చేలు. నిన్న ఒక ముసలాయన గొర్రెల పాకలో గంటసేపు నిలబెట్టింది నన్ను, గడ్డి ఎలా నిలవ చేస్తారో అడిగి మీకు చెప్పాలట. నాకు గడ్డి గురించి ఏం తెలుసండీ? ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. మీరే వచ్చి ఆయనతో మాట్లాడుకోండి."

"ఇప్పుడెందుకు లెండి. రోజులే లేవు."

"సరే, మీ ఇష్టం" అన్నాడు. పెట్టేశాడు.

ఈయన కూడా అంతే, రెండోసారి అడగలేదు. గుంటూరులో పుట్టినవాడు.

నామీద జాలిపడి చేశాడు. గౌరి చెప్పి చేయించి ఉంటుంది. లేదు, గౌరి చెప్పదు. జాలే. నాకెవరి జాలీ అక్కర్లేదు. గొర్రెల పాక ఎలా ఉంటుందో ఆయన నాకు చెబుతాడట.

గంటసేపు ఇద్దరూ నిలబడ్డారన్నమాట.

అక్టోబరు 3, శుక్రవారం

ఎండ. పొద్దున గడ్డం చేసుకున్నాను. మడికి వెళ్ళలేదు.

సాయంత్రం తేజతో కారులో పాలు, కూరలకి వెళ్ళాను. సిగ్నల్ దగ్గర ఆగాం.

"నేను వెళతాను" అన్నాను.

"ఎక్కడికి? ఇంటికేగా వెళుతున్నాం."

"మీ అమ్మ ఉన్న చోటికి."

లైటు పచ్చరంగు వచ్చింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. తేజ కదల్లేదు.

"ఎవరైనా ఏమైనా అన్నారా నాన్నా?"

"ఎవరూ అనలేదు. నాకు వెళ్ళాలని ఉంది. అప్పుడే ఉంది."

"మరి అప్పుడెందుకు వద్దన్నావ్?"

ముందు బండి నడపమన్నాను.

ఇంటికొచ్చి టికెట్ చూశాడు. ఆదివారానికి ఒకటి దొరికింది. లండన్ దాకా, అక్కణ్ణుంచి రైలు. తిరుగు టికెట్ వాళ్ళతోపాటు పదిహేనున. అక్కడ రాత్రి పొద్దుపోయినా ఇషాకి ఫోన్ చేశాడు. ఆ పిల్ల అరిచిన అరుపు నాకు వినపడింది. "మామయ్యా! మీరు నో అన్నారు కదా! ఐ థాట్ యూ హేటెడ్ ద ఐడియా!" ఏడుపు గొంతు. ఆ పిల్ల తప్పేమీ లేదని చెప్పాను.

"లండన్‌లో నాకు దారి తెలియదు. ఎవరు వస్తారు?"

"మా నాన్న వస్తారు మామయ్యా. రూమ్ కూడా ఆయనతోనే. ఇక్కడ రెండే రూమ్స్ ఉన్నాయి."

ఆయన వస్తాడు. ఆయన చెయ్యి పట్టుకుని రైలెక్కాలి. ఆయన పక్క మంచం మీద పడుకోవాలి. వారం పైగా ప్రతి సందూ నాకు చూపిస్తాడు, ఇది ఇది, అది అది అని. గౌరి, ఆయన ఇద్దరూ ఎరిగిన చోటికి నేను కొత్తవాణ్ణై వెళ్ళాలి. ఒక్క నిమిషం వద్దందామనుకున్నాను. అలవాటు మాట, నాలుక మీదే ఉంటుంది.

"సరేనమ్మా. బుక్ చెయ్యండి" అన్నాను.

తర్వాత గౌరి ఫోన్ తీసుకుంది.

"ఏమిటి సంగతి?"

"నేను వస్తున్నాను."

"ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు."

అటువైపు సముద్రమో గాలో, ఏదో హోరు.

"చలికోటు తెచ్చుకోండి. లోపల వేసుకునేవి కూడా" అంది. పెట్టేసింది.

అక్టోబరు 4, శనివారం

మబ్బు. మిగిలిన సొరకాయలు కోసేశాను. ధర్మారావుకి మడి గేటు తాళం ఇచ్చి నీళ్ళ గొట్టం చూపించాను.

"ఆఖరికి పోతున్నవన్నమాట. వాళ్ళు అడిగిర్రా?"

"నేనే అడిగాను."

"అబ్బో" అన్నాడు. చెయ్యి కలిపాడు. తర్వాత మెల్లగా, "వియ్యంకుడు రానే వస్తడు కదా ఎయిర్‌పోర్టుకి? గా ఎర్ర స్వెట్టరు ఏస్కోని?"

"వస్తాడు."

"నువ్వు గూడ ఒకటి కొనుక్కో అన్నా."

కొనలేదు. షాపు దాకా వెళ్ళాను.

అక్టోబరు 5, ఆదివారం

ఎండ. గాలి లేదు. పొద్దున మడి గట్టు సరిచేశాను. మధ్యాహ్నం తేజ అన్నం పెట్టాడు, ఇంకొంచెం వేయనా అంటే వేయమన్నాను. పాస్‌పోర్టు, మందులు, చలికోటు సంచీలో ఉన్నాయి. కారులో ముందు సీట్లో కూర్చున్నాను.

ఇది విమానం గేటు దగ్గర రాస్తున్నాను. ఉమాకాంత్ గారు లండన్ చేరానని మెసేజ్ పెట్టాడు. సరే అని పెట్టాను.

నాలుగున్నరకి తేజ వెళ్ళిపోయాడు. ఏడింటికి నేను.